బాలల సాఫ్ట్‌బాల్: శిక్షకుల విసుగు, తల్లిదండ్రుల విసుగు - కారణాలు, నివారణ

9.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు కింది పనులు చేయగలుగుతారు.

• సాఫ్ట్‌బాల్ ఆట స్వభావానికి, పెద్దల విసుగుకు ఉన్న సంబంధాన్ని వివరించడం
• శిక్షకులకు, తల్లిదండ్రులకు విసుగు ఎక్కడ పుడుతుందో గుర్తించడం
• ఆ విసుగు పిల్లలపై చూపే ప్రభావాన్ని పరిశోధన ఆధారంగా చర్చించడం
• సీజన్ మొదలుకాక ముందే తీసుకోదగిన జాగ్రత్తలను సూచించడం

9.1 పరిచయం

ఆట పిల్లలది. కాని ఆట ముగిశాక మైదానం అంచున ముఖం చిట్లించుకుని నిలబడేది ఎక్కువగా పెద్దవారే. శిక్షకుడికి తల్లిదండ్రుల మీద కోపం, తల్లిదండ్రులకు శిక్షకుడి మీద కోపం, ఇద్దరికీ కలిపి అంపైర్ మీద కోపం. పిల్ల మాత్రం బ్యాటు సంచి భుజాన వేసుకుని, ఏమీ మాట్లాడకుండా కారెక్కుతుంది. ఈ పాఠం ఆ మౌనం గురించి.

సాఫ్ట్‌బాల్ బేస్‌బాల్‌కు చెల్లెలు వంటి ఆట. 1887లో చికాగో నగరంలో, నాలుగు గోడల మధ్య ఆడుకునే ఆటగా ఇది పుట్టింది. బంతిని భుజం మీదుగా కాక, చేతిని కిందినుంచి తిప్పి వేయడం దీని ప్రత్యేకత. అమెరికాలో బాలికలు విరివిగా ఆడే ఆటల్లో ఇది ఒకటి. 1939లో బాలుర బేస్‌బాల్‌తో మొదలైన లిటిల్ లీగ్ సంస్థ, 1974లో సాఫ్ట్‌బాల్‌ను కూడా చేర్చింది. అక్కడి ఊరూరి లీగులలో శిక్షకులు చాలావరకు జీతం తీసుకునేవారు కారు. జట్టులోని ఏదో ఒక పిల్ల తండ్రో తల్లో సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా మైదానానికి వచ్చి ఆ పని చేస్తారు. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలూ ఈ జట్లలో ఆడుతున్నారు. అందువల్ల ఈ పాఠంలోని ఉదాహరణలు ప్రధానంగా అమెరికాలోని ఊరి లీగులవి. మన పాఠశాలల పరిస్థితిని 9.7లో విడిగా చూద్దాం.

మీలో కొందరు వ్యాయామ ఉపాధ్యాయులు కావచ్చు. చాలామంది పిల్లల్ని పెంచుతూ చదువుకుంటున్నవారే. ఈ పాఠాన్ని పరీక్ష కోసం మాత్రమే కాక, మీ ఇంటి కోసం కూడా చదవండి.

9.2 ఆట స్వభావం: తప్పిపోవడం ఆటలో భాగం

విసుగు అంటే ఏమిటి? మనం ఆశించినదానికి, జరిగినదానికి మధ్య ఉన్న ఎడం. కాబట్టి ముందుగా ఈ ఆటలో ఎంత ఆశించవచ్చో తెలుసుకోవాలి.

పన్నెండేళ్ళ లోపు బాలికల ఆటలో పిచర్ నిలబడే చోటినుంచి బ్యాటర్ వరకు దూరం 40 అడుగులు. పిచర్ గంటకు 50 మైళ్ళ వేగంతో, అంటే సుమారు 80 కిలోమీటర్ల వేగంతో బంతి వేసిందనుకుందాం. బంతి సెకనుకు దాదాపు 73 అడుగులు ప్రయాణిస్తుంది. అంటే బ్యాటర్ దగ్గరికి చేరడానికి పట్టే కాలం అర సెకను కంటే కొంచెం ఎక్కువ. ఆ కాస్త వ్యవధిలోనే పిల్ల బంతిని చూడాలి, ఆడాలా వదలాలా అని తేల్చుకోవాలి, బ్యాటు తిప్పాలి.

క్రికెట్ చూసి పెరిగిన మనకు ఇంకొక తేడా కూడా తెలియాలి. క్రికెట్‌లో బ్యాటర్ బంతిని అడ్డుకుని నిలబడవచ్చు. ఇక్కడ అలా కాదు. మూడు స్ట్రయిక్‌లు పడితే అవుట్. బంతిని కొట్టినా, అది మొదటి బేస్‌కు పిల్ల కంటే ముందు చేరితే అవుట్. వృత్తి బేస్‌బాల్‌లో పదిసార్లకు మూడుసార్లు హిట్ సాధించగలిగినవాడిని మేటి బ్యాటర్ అంటారు. అంటే మేటి ఆటగాడు కూడా ఏడుసార్లు తలవంచుకుని వెనక్కి రావలసిందే. సాఫ్ట్‌బాల్‌లో ఈ నిష్పత్తి కొంత మెరుగ్గా ఉన్నా, మంచి బ్యాటర్లలో కూడా అత్యధికులు సగానికి పైగా సార్లు తప్పిపోతారు.

ఈ లెక్క తెలియని తండ్రి, కూతురు రెండుసార్లు అవుట్ కాగానే ఆమెలో ఏదో లోపం ఉందని అనుకుంటాడు. ఈ లెక్క తెలిసిన తండ్రి మూడోసారి కోసం ఎదురుచూస్తాడు. ఇద్దరూ చూసినది ఒకే ఆట.

9.3 శిక్షకుల విసుగు

9.3.1 కాలం చాలకపోవడం

జట్టులో పన్నెండుమంది పిల్లలు, శిక్షకుడు ఒక్కడు, సాధనకు ఒక గంట. అందరినీ వరుసలో నిలబెట్టి ఒక్కొక్కరికి అయిదు నిమిషాల చొప్పున బంతులు వేస్తే, ప్రతి పిల్లా అయిదు నిమిషాలు బ్యాటు పట్టి, యాభై అయిదు నిమిషాలు గడ్డి పీకుతూ నిలబడుతుంది. పదేళ్ళ పిల్లలు అంతసేపు ఊరికే నిలబడరు. కబుర్లు చెప్పుకుంటారు, ఒకరినొకరు తోసుకుంటారు. శిక్షకుడు "క్రమశిక్షణ లేదు" అని కేకలేస్తాడు. నిజానికి లోపం పిల్లలది కాదు, ఏర్పాటుది.

అదే పన్నెండుమందిని ముగ్గురేసి చొప్పున నాలుగు గుంపులు చేసి, ఒకచోట బ్యాటింగ్, ఒకచోట నేలబంతులు ఆపడం, ఒకచోట విసరడం, పట్టడం, ఇంకొకచోట బేస్‌ల మధ్య పరుగు పెట్టి, పదిహేను నిమిషాలకొకసారి గుంపులను మారిస్తే అదే గంట నిండుతుంది. ఇందుకు మరో ముగ్గురు పెద్దలు కావాలి. వారు ఎక్కడో లేరు, కంచె అవతల కుర్చీలు వేసుకుని ఫోన్లు చూసుకుంటున్నారు. పిలిస్తే వస్తారు. పని అప్పగించిన తల్లిదండ్రుల నుంచి ఫిర్యాదులు కూడా తగ్గుతాయి.

9.3.2 ఎవరిని ఎంతసేపు ఆడించాలి?

శిక్షకుడికి వచ్చే ఫిర్యాదులలో "మా అమ్మాయిని ఎందుకు కూర్చోబెట్టారు?" అన్నది మొదట నిలుస్తుంది. దీనికి జవాబు కూడికలు, తీసివేతలలోనే ఉంది. మైదానంలో ఒకేసారి తొమ్మిదిమంది ఫీల్డింగ్ చేస్తారు. జట్టులో పన్నెండుమంది ఉంటే ప్రతి ఇన్నింగ్స్‌లోనూ ముగ్గురు డగౌట్‌లో కూర్చోక తప్పదు. ఆరు ఇన్నింగ్స్‌ల ఆటలో మొత్తం పద్దెనిమిది సార్లు ఎవరో ఒకరు కూర్చోవాలి. సమానంగా పంచితే ఆరుగురు రెండేసి ఇన్నింగ్స్‌లు, మిగిలిన ఆరుగురు ఒక్కో ఇన్నింగ్స్ కూర్చుంటారు. తరువాతి ఆటలో వరస తిరగబడుతుంది.

ఈ పట్టికను ఆటకు ముందే కాగితం మీద గీసి డగౌట్‌లో అంటిస్తే సగం తగాదాలు పుట్టవు. మనసులో ఉంచుకుంటే, ఎంత న్యాయంగా నడిపినా, పక్షపాతంగానే కనిపిస్తుంది.

9.3.3 తన పిల్ల తన జట్టులోనే ఉండటం

శిక్షకుడే తండ్రి అయినప్పుడు రెండు చిక్కులు వస్తాయి. తన కూతురినే పిచర్‌గా నిలబెడితే మిగతావారు గుసగుసలాడుతారు. దీనికి అమెరికాలో "డాడీ బాల్" అన్న ఎగతాళి పేరు కూడా ఉంది. రెండో చిక్కు ఎవరికీ కనిపించదు. పక్షపాతం అన్న మాట పడకూడదని కొందరు తమ పిల్లనే అందరికంటే ఎక్కువగా కసురుతారు. ఆ పిల్లకు మైదానంలో శిక్షకుడు ఉంటాడు, ఇంటికి వెళ్ళినా శిక్షకుడే ఉంటాడు. నాన్న ఎక్కడా ఉండడు. "మైదానం గేటు దాటాక నేను నాన్నను మాత్రమే" అన్న నియమాన్ని ఆ తండ్రి పిల్లకు మాటగా ఇచ్చి, నిలబెట్టుకోవాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 1

1. విసుగును ఈ పాఠం ఎలా నిర్వచించింది?
2. పదకొండుమంది ఉన్న జట్టులో, ఆరు ఇన్నింగ్స్‌ల ఆటలో, మొత్తం ఎన్నిసార్లు పిల్లలు కూర్చోవలసి ఉంటుంది?

9.4 తల్లిదండ్రుల విసుగు

9.4.1 ఒక్క పిల్లే కనిపించడం

శిక్షకుడు పన్నెండుమందిని చూస్తాడు. తల్లి ఒక్కరిని చూస్తుంది. ఇది తప్పు కాదు, తల్లి చేయవలసిన పనే అది. అయితే ఒకే సంఘటన ఇద్దరికీ రెండు రకాలుగా కనిపించడానికి కారణం కూడా అదే. కూతురిని అవుట్‌ఫీల్డ్‌కు పంపితే తల్లికి అది అవమానం. శిక్షకుడికి అది ఈరోజు వరస. ఎందుకు పంపారో ఎవరూ చెప్పకపోతే ఆ ఖాళీని అనుమానం నింపుతుంది.

9.4.2 ఖర్చు, దానితో పెరిగే ఆశ

ఊరి లీగు దాటి, ఊళ్ళు తిరిగి టోర్నమెంట్లు ఆడే జట్లు అమెరికాలో ఉన్నాయి. వాటిని "ట్రావెల్ బాల్" అంటారు. ఫీజులు, బ్యాటు, గ్లోవ్, యూనిఫాం, హోటల్ గదులు, పెట్రోలు, ప్రైవేటు పాఠాలు అన్నీ కలిసి కుటుంబానికి భారమవుతాయి. శని, ఆదివారాలు పూర్తిగా మైదానంలోనే గడుస్తాయి. ఇంత పెట్టాక, తెలియకుండానే మనసు లాభం అడుగుతుంది. కాలేజీ స్కాలర్‌షిప్ వస్తుందన్న ఆశ చాలా ఇళ్ళలో ఉంటుంది. అది దక్కేది కొద్దిమందికే. డబ్బు పెట్టిన పెద్దలు ఫలితం కోసం చూస్తారు. పిల్ల మాత్రం స్నేహితులతో ఆడుకోవడానికి వచ్చింది.

9.4.3 అంపైర్ మీద కోపం

"అది స్ట్రయిక్ కాదు!" అన్న అరుపు ప్రతి ఆటలోనూ వినిపిస్తుంది. బంతి ప్లేటు మీదుగా వెళ్ళిందా, పక్కనుంచి వెళ్ళిందా అన్నది క్యాచర్ వెనుక నిలబడినవారికి తెలుస్తుంది. మొదటి బేస్ పక్కన కుర్చీలో కూర్చున్నవారికి బంతి ఎత్తు కొంతవరకు తెలుస్తుంది కాని, అడ్డంగా ఎటు పోయిందో తెలియదు. అంటే అరిచేవారు తమకు కనిపించని విషయం గురించి అరుస్తున్నారు. పైగా చిన్నపిల్లల ఆటలకు అంపైర్లుగా వచ్చేవారిలో హైస్కూలు విద్యార్థులూ ఉంటారు. ఆ కుర్రవాడూ ఎవరో కన్నబిడ్డే.

9.5 మధ్యలో నలిగేది పిల్ల

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. వ్యాయామ విద్యలో ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరయ్యాక, డాలస్ దగ్గర ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్ళాను. పదేళ్ళ మనవరాలి ఆట చూడటానికి కంచె పక్కన కూర్చున్నాను. దాని చేతికి బ్యాటు వచ్చేసరికి, తరగతిలో చెప్పినవన్నీ మరచిపోయి, "మోచెయ్యి పైకెత్తమ్మా! బంతిని చూడు!" అని తెలుగులో గట్టిగా అరిచాను. పిల్ల ఉలిక్కిపడి నా వైపు తిరిగింది. బంతి దాని పక్కనుంచి పోయింది. అది మూడో స్ట్రయిక్.

కారులో చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా అడిగింది: "అమ్మమ్మా, నువ్వు పిలిస్తే నీ వైపు చూడాలా, బంతి వైపు చూడాలా?"

అర సెకను లెక్కను నేను పుస్తకంలో రాశాను. దాని అర్థం ఆ రోజు తెలిసింది. ఆ వ్యవధిలో పిల్ల మనసుకు ఒక్క పనే పడుతుంది. కంచె బయటినుంచి వచ్చే ప్రతి సలహా ఆ పనిని దొంగిలిస్తుంది. సలహా సరైనదైనా సరే.

దీర్ఘకాలంలో జరిగే నష్టం ఇంకా పెద్దది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన రొనాల్డ్ స్మిత్, ఫ్రాంక్ స్మోల్ బాలల క్రీడా శిక్షకుల ప్రవర్తనను ఏళ్ళ తరబడి పరిశీలించారు. పిల్లల ప్రయత్నాన్ని మెచ్చుకోవడం, తప్పు చేసిన వెంటనే ధైర్యం చెప్పి ఆపైన సరిదిద్దడం, తిట్లను మానుకోవడం వంటి పద్ధతులను శిక్షకులకు నేర్పారు. బార్నెట్ అనే పరిశోధకురాలితో కలిసి 1992లో ప్రచురించిన అధ్యయనంలో, లిటిల్ లీగ్ బేస్‌బాల్ ఆడే బాలురను తీసుకున్నారు. శిక్షణ పొందని శిక్షకుల జట్లలో 26 శాతం పిల్లలు మరుసటి ఏడాది ఆటకు తిరిగి రాలేదు. శిక్షణ పొందినవారి జట్లలో రానివారు 5 శాతమే. ఈ రెండు రకాల జట్ల గెలుపు ఓటముల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే పిల్లల్ని ఆటలో నిలబెట్టినది గెలుపు కాదు, పెద్దలు వారితో మెలగిన తీరు. ఇది బాలుర బేస్‌బాల్ మీద జరిగిన అధ్యయనం. అయినా రెండు ఆటల నిర్మాణం, లీగుల నడక ఒకే తీరుగా ఉన్నందున సాఫ్ట్‌బాల్ శిక్షకులకూ ఇది పాఠమే.

శరీరానికి జరిగే హాని ఇంకొకటి. "చెయ్యి కిందినుంచి వేసే బంతే కదా, ఎన్ని వేసినా భుజానికి ఏమీ కాదు" అన్న నమ్మకం శిక్షకులలో ఉంది. అది సరికాదు. ఆ వేగంతో చేతిని చక్రంలా తిప్పినప్పుడు భుజం మీద పడే ఒత్తిడి, భుజం మీదుగా విసిరినప్పటి ఒత్తిడితో పోల్చదగినదేనని జీవయాంత్రిక శాస్త్ర పరిశోధనలు చూపాయి. జట్టుకు ఒక్కతే మంచి పిచర్ ఉంటే, గెలవాలన్న తాపత్రయంతో ఆమెచేతనే రోజుకు మూడు ఆటలు వేయిస్తారు. ఒకే ఆటను ఏడాది పొడవునా ఆడించవద్దని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2016లో సూచించింది. వారానికి ఒకటి రెండు రోజులు, ఏడాదిలో మొత్తం మీద మూడు నెలలు ఆ ఆటకు విరామం ఉండాలని చెప్పింది. నొప్పి అన్న పిల్లను "కాస్త ఓర్చుకో" అనడం శిక్షణ కాదు.

9.6 ఏం చేయవచ్చు?

విసుగుకు మూలం చెప్పని ఆశలు అని చూశాం. కాబట్టి మందు కూడా అక్కడే ఉంది. ఆశలను ముందే నోటితో చెప్పుకోవాలి.

(అ) సీజన్‌కు ముందు సమావేశం: మొదటి సాధనకు ముందే శిక్షకుడు తల్లిదండ్రులను కూర్చోబెట్టి మూడు విషయాలు చెప్పాలి. ఈ ఏడాది పిల్లలకు ఏం నేర్పుతాం, ఎవరు ఎంతసేపు ఆడతారు, ఫిర్యాదు ఎలా చేయాలి. ఆ తరువాత వారిని ఒక ప్రశ్న అడగాలి: "ఈ ఏడాది చివర మీ అమ్మాయి గురించి ఏ మాట వింటే మీకు సంతోషం?" జవాబులు రాసి పెట్టుకోవాలి.

(ఆ) ఇరవై నాలుగు గంటల నియమం: ఆటలో జరిగినదాని గురించి మరునాటి వరకు శిక్షకుడితో చర్చించకూడదు. అమెరికాలో చాలా జట్లు ఈ నియమాన్ని పాటిస్తాయి. కోపంలో రాసిన సందేశం రాత్రి నిద్ర తరువాత సగం తగ్గిపోతుంది. పిల్ల భద్రతకు, గాయానికి సంబంధించిన విషయమైతే మాత్రం ఈ నియమం వర్తించదు. వెంటనే చెప్పాలి.

(ఇ) తప్పుకు జవాబు: తప్పు చేసిన పిల్లకు తప్పు చేశానని ముందే తెలుసు. దాన్ని మళ్ళీ చెప్పనవసరం లేదు. "మంచి ప్రయత్నం. ఈసారి గ్లోవ్ నేలకు ఆనించు. నువ్వు ఆపగలవు." ఈ మూడు ముక్కల్లో మెప్పు, ఒకే ఒక్క సూచన, నమ్మకం ఉన్నాయి.

(ఈ) కారు ప్రయాణం: ఇంటికి వెళ్ళే దారిలో ఆట విశ్లేషణ వద్దు. "నీ ఆట చూడటం నాకు ఇష్టం. ఆకలేస్తోందా?" చాలు. ఆట గురించి మాట్లాడాలనిపిస్తే పిల్లే మొదలుపెడుతుంది.

(ఉ) అభిప్రాయ భేదం: శిక్షకుడు చెప్పినదానికి విరుద్ధంగా ఇంట్లో నేర్పితే పిల్ల ఇద్దరిలో ఒకరిని మోసం చేసినట్టు బాధపడుతుంది. తేడా ఉంటే పెద్దలు ఇద్దరూ మాట్లాడుకోవాలి. పిల్ల ముందు కాదు.

9.7 మన పాఠశాలల్లో

మన దేశంలో పాఠశాల క్రీడా సమాఖ్య నిర్వహించే పోటీలలో సాఫ్ట్‌బాల్ ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి బాలబాలికల జట్లు వెళుతున్నాయి. ఇక్కడ శిక్షకుడు తండ్రి కాదు, వ్యాయామ ఉపాధ్యాయుడు. తల్లిదండ్రులు కంచె దగ్గర అరవరు. చాలామంది ఆట చూడటానికే రారు. కాబట్టి విసుగు రూపం వేరు. గ్లోవ్‌లు చాలవు, మైదానం క్రికెట్ ఆడేవారితో పంచుకోవాలి, ఎంపికల తేదీ చివరి నిమిషంలో తెలుస్తుంది, పదో తరగతి రాగానే ఇంట్లో ఆట మానిపిస్తారు.

రూపం వేరైనా మూలం అదే: ఎవరేం ఆశిస్తున్నారో చెప్పుకోకపోవడం. "చదువు పాడవుతుంది" అన్న తల్లి భయాన్ని ఉపాధ్యాయుడు తేలికగా తీసుకోకూడదు. ఇంటికి వెళ్ళి, సాధన ఏ రోజుల్లో, ఎన్ని గంటలు, పరీక్షల ముందు విరామం ఎప్పుడు అన్నది కాగితం మీద చూపితే చాలా తలుపులు తెరుచుకుంటాయి. ఎంపిక కాని పిల్లకు ఎందుకు కాలేదో ఒక్క నిమిషం పక్కకు పిలిచి చెప్పడం కూడా ఉపాధ్యాయుడి బాధ్యతే. జాబితాలో పేరు లేదని నోటీసు బోర్డు చూసి తెలుసుకున్న పిల్ల, మళ్ళీ మైదానానికి రాకపోవచ్చు.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 2

3. 1992 అధ్యయనంలో పిల్లలు ఆటలో నిలవడానికి ఏది కారణమని తేలింది?
4. ఇరవై నాలుగు గంటల నియమానికి మినహాయింపు ఏమిటి?

9.8 సారాంశం

సాఫ్ట్‌బాల్‌లో తప్పిపోవడం సహజం. ఆ సంగతి మరచినప్పుడు పెద్దలకు విసుగు పుడుతుంది. శిక్షకుడికి కాలం చాలదు, అందరినీ ఒకేసారి ఆడించలేడు. తల్లిదండ్రులకు తమ పిల్లే కనిపిస్తుంది, పెట్టిన ఖర్చు ఆశను పెంచుతుంది. ఈ రెండు విసుగుల భారం పిల్ల మీద పడుతుంది. అది తట్టుకోలేని పిల్ల గొడవ చేయదు. మరుసటి ఏడాది పేరు నమోదు చేసుకోదు, అంతే. ఆశలను ముందే చెప్పుకోవడం, ఆడే వంతుల పట్టికను అందరికీ చూపడం, ఆట జరిగే సమయంలో నోరు అదుపులో ఉంచుకోవడం దీనికి సులభమైన నివారణలు. వీటికి డబ్బు ఖర్చు కాదు.

చివరిగా ఒక మాట. ఆ తరువాతి వారం నేను మళ్ళీ మనవరాలి ఆటకు వెళ్ళాను. చేతులు కట్టుకుని కూర్చున్నాను. అది ఆ రోజూ అవుట్ అయింది. అయినా డగౌట్‌కు వెళుతూ నా వైపు చూసి నవ్వింది.

9.9 ప్రగతి ప్రశ్నలకు జవాబులు

1. ఆశించినదానికి, జరిగినదానికి మధ్య ఉన్న ఎడం.
2. ఇన్నింగ్స్‌కు ఇద్దరు చొప్పున పన్నెండు సార్లు.
3. పెద్దలు పిల్లలతో మెలగిన తీరు.
4. పిల్ల భద్రత, గాయాలకు సంబంధించిన విషయాలు.

9.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో జవాబులు రాయండి.
1. బాలల సాఫ్ట్‌బాల్‌లో శిక్షకుల విసుగుకు గల కారణాలను సోదాహరణంగా వివరించండి.
2. పెద్దల ప్రవర్తన పిల్లల క్రీడా జీవితంపై చూపే ప్రభావాన్ని చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో జవాబులు రాయండి.
1. సీజన్‌కు ముందు జరిపే సమావేశం ప్రాముఖ్యం ఏమిటి?
2. మీకు తెలిసిన ఒక పాఠశాలలో ఏదైనా ఆటకు సంబంధించి, పదమూడుమంది పిల్లలకు వంతుల పట్టిక తయారు చేయండి.